దసరా సెలవుల్లో పాపను ముంబై తీసుకెళ్తామంటున్నారు

ఈ ఉత్తరం రాసినావిడకు 33 ఏళ్లు. దావూదీ బోహ్రా (షియా ముస్లింల్లో ఒక శాఖ) కుటుంబం. పుట్టింది ఆంధ్రలోని ఒక చిన్న పట్టణంలో. తండ్రిది హార్డ్‌వేర్ దుకాణం, చదువు పదో తరగతి దాకా తెలుగు మీడియం. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చారు. భర్త, మామగారు కలిసి పైపులు, శానిటరీ సామాను హోల్‌సేల్ చేస్తారు. సరుకు అప్పు మీద ఇచ్చేవాళ్లలో చాలామంది జమాత్ (బోహ్రాల స్థానిక సంఘం) వాళ్లే. వచ్చే నెల పాపకు ఏడేళ్లు నిండుతాయి. దసరా సెలవులకు అత్తగారు ముంబై టికెట్లు తీయించారు. "అక్కడ లేడీ డాక్టరే చేస్తుంది, మత్తు కూడా ఇస్తారు, ఐదు నిమిషాల పని" అంటున్నారు. లండన్‌లో ఉండే ఆడపడుచు తన ఎనిమిదేళ్ల కూతురితో అదే వారం ముంబై వస్తోంది. ఇద్దరికీ ఒకేసారి ఖత్నా, అంటే ఆడపిల్లల మర్మాంగం మీది చర్మం కోసే ఆచారం, చేయించాలని వాళ్ల ఆలోచన.

ఈవిడకూ ఏడేళ్లప్పుడు జరిగింది. ఐస్‌క్రీం తినిపిస్తానని పెద్దమ్మ ఒక ఇంటికి తీసుకెళ్లింది. ఆ తర్వాత మూడు రోజులు మూత్రం పోయాలంటే ఏడ్చేదాన్నని రాశారు. ఇప్పుడు ఆ మచ్చ పక్కన బఠాణీ గింజంత గడ్డ ఉంది. కాపురంలో నొప్పి. పదేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. భర్తను అడిగితే "అది ఆడవాళ్ల విషయం, అమ్మకు నేనెదురు చెప్పలేను" అంటున్నారు. ఆవిడ అడిగినవి ఇవి: మన దేశంలో ఇది నిజంగా నేరమేనా? డాక్టర్ చేస్తే పరవాలేదా? కాదంటే మమ్మల్ని వెలివేస్తారా? చేయించేశామని అబద్ధం చెప్పేస్తే సరిపోతుందా? నా ఒంటికి ఇంక మందు ఉందా?

అమ్మా, మీ ఉత్తరంలో పాప సంగతి, జమాత్‌తో మీకున్న పేచీ, మీ సొంత ఆరోగ్యం మూడూ ముడిపడి ఉన్నాయి. మూడూ ఒక్కసారే తెగాలని చూస్తే ఏదీ తెగదు. మూడింట్లో తేదీ పడింది పాప సంగతికి ఒక్కదానికే. జమాత్‌తో మాట్లాడటానికి, ఆచారం తప్పని నలుగురిలో నిలబడి చెప్పడానికి వచ్చే ఏడాది ఉంది, ఆ పై ఏడాదీ ఉంది. కోసేసిన చర్మం మళ్లీ రాదు. కాబట్టి దసరా లోపల మీ పని అత్తగారిని ఒప్పించడం కాదు, పాప శరీరం మీద చెయ్యి పడకుండా చూడటం. ఒప్పించగలిగితే మంచిదే, కానీ ఆ రెండూ వేర్వేరు పనులని గుర్తుంచుకోండి.

ముందు ఆ "ఐదు నిమిషాల పని" ఏమిటో చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్త్రీ జననాంగ ఖండనను నాలుగు రకాలుగా విడగొట్టింది. బోహ్రాల్లో జరిగేది ఎక్కువగా మొదటి రకం: భగాంకురం, అంటే క్లిటోరిస్ మీద ఉండే చర్మపు ముసుగును కోయడం, లేదా దానితోపాటు క్లిటోరిస్ కొనను కూడా కొంత తీసేయడం. కొన్నిచోట్ల గీత పెట్టి వదిలేస్తారు, అది నాలుగో రకంలోకి వస్తుంది. సోమాలియా, సూడాన్‌లలో కనబడే, కోసి కుట్టేసే మూడో రకంతో పోలిస్తే ఇది చిన్నదే. మీ అత్తగారు "అదెక్కడ, ఇదెక్కడ" అనడంలో ఆ మేరకు నిజం ఉంది. ఆ నిజాన్ని కాదని వాదనకు దిగకండి, ఓడిపోతారు. వాదన వేరేచోట ఉంది.

ఏడేళ్ల పిల్లలో ఆ ముసుగు చాలా పల్చటి పొర. చాలామందిలో అది కింద ఉన్న కొనకు అతుక్కునే ఉంటుంది. బియ్యపుగింజ కంటే పెద్దగా లేని చోట, అతుక్కున్న పొరను మాత్రమే కోసి కింద ఉన్నదాన్ని ముట్టుకోకుండా వదలడం చెయ్యి తిరిగిన సర్జన్‌కే కష్టం. మత్తు లేకుండా, కాళ్లు పట్టుకుని, బ్లేడుతో చేస్తే పిల్ల ఒక్కసారి కదిలినా చాలు. "కొంచెం చర్మమే" అనుకుని చేయించినవాళ్లలో కూడా కొందరికి కొన తెగడం అందుకే. ఆ చిన్న అవయవానికి వెళ్లే ప్రధాన నరాల్లో పదివేలకు పైగా నరపు పోగులు ఉంటాయి. పక్కనే చిన్న ధమని ఉంటుంది, అది తెగితే రక్తం గుడ్డ అదిమినా త్వరగా ఆగదు. తర్వాత మూత్రం బిగపట్టడం, చీము పట్టడం. ఇంకా తర్వాత మచ్చ గట్టిపడటం, గడ్డలు, దుస్తులు రాసుకున్నా మంట, లేదా అసలు స్పర్శ తెలియకపోవడం. అందరికీ అన్నీ రావు. కొందరికి ఏమీ అనిపించకపోవచ్చు. మీ అత్తగారు "నాకేం కాలేదు" అంటే అది అబద్ధం కానక్కర్లేదు. ఎవరికి ఏమవుతుందో ముందే చెప్పే దారి లేదన్నదే అసలు సమస్య. ఎదురుగా దక్కే లాభం మాత్రం వైద్యశాస్త్రం ప్రకారం సున్నా.

"మగపిల్లలకు సున్తీ చేయించట్లేదా" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. మగపిల్లవాడి సున్తీ బహిరంగం: విందు పెడతారు, డాక్టర్ బిల్లు ఇస్తాడు, కుట్లు చూడటానికి మళ్లీ రమ్మంటాడు. ఆడపిల్లది ఐస్‌క్రీం పేరు చెప్పి చేస్తారు, నాన్నకు చెప్పొద్దంటారు. దాచి చేసే పనిలో తప్పు జరిగినా ఎవరూ ఆసుపత్రికి తీసుకెళ్లరు, ఎందుకంటే అక్కడ అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఈ ఒక్క తేడా అత్తగారికి చెప్పండి, చాలు. సున్తీ మంచిదా చెడ్డదా అనే చర్చలోకి దిగకండి.

ఇక డాక్టర్ సంగతి. శుభ్రమైన పరికరాలు, మత్తు ఉంటే ఆ రోజు నొప్పి, చీము తగ్గుతాయి, అంతవరకు నిజం. కానీ మత్తులో పిల్ల కదలదు కాబట్టి చెయ్యి ఇంకా లోతుకు పోయే వీలుంది. మచ్చ మచ్చే, తెగిన నరం తెగినదే. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏ రకాన్నీ వైద్యులు చేయకూడదంటుంది. రోగం లేకుండా ఆరోగ్యంగా ఉన్న పిల్ల అవయవాన్ని కోయడానికి వైద్యకారణం రాయడం ఏ డాక్టర్‌కూ సాధ్యం కాదు. అత్తగారిని ఒక్కమాట అడిగి చూడండి: "ఆ డాక్టరమ్మ ఏం చేసిందో లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టి ఇస్తుందా?"

చట్టం విషయం సూటిగా చెబుతాను. భారతదేశంలో ఈ పేరుతో ప్రత్యేక చట్టం లేదు. దీన్ని నిషేధించాలని 2017లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. 2018లో కేంద్రం తరఫున అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ ఆ వ్యాజ్యాన్ని సమర్థించారు. ఆ సెప్టెంబరులో అది ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనానికి వెళ్లింది. 2019 నవంబరులో శబరిమల పునఃసమీక్షతో ముడిపడి ఇంకా పెద్ద ధర్మాసనం ముందున్న ప్రశ్నల్లో కలిసింది. ఈ ఆచారానికి అధికారిక లెక్కలు లేవని 2017 డిసెంబరులో అదే కేంద్రం కోర్టుకు చెప్పిందన్నది కూడా గుర్తుంచుకోవాలి. లెక్క అడిగినవాళ్లు లేకపోతే లెక్కలు ఎక్కడినుంచి వస్తాయి?

ప్రత్యేక చట్టం లేదంటే నేరం కాదని కాదు. భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షన్ పదునైన ఆయుధంతో గాయపరచడం గురించి చెబుతుంది: మామూలు గాయానికి మూడేళ్ల దాకా, తీవ్ర గాయానికి ఏడాదికి తగ్గకుండా యావజ్జీవం దాకా శిక్ష. పిల్ల మంచికోసం సంరక్షకులు ఒప్పుకుని చేయించే పనికి చట్టం కొంత రక్షణ ఇస్తుంది. ఆపరేషన్లు అందుకే నేరం కావు. కానీ ప్రాణం కాపాడటానికో, జబ్బు నయం చేయడానికో తప్ప తీవ్ర గాయానికి ఆ రక్షణ వర్తించదు. బాలల న్యాయచట్టం 75వ సెక్షన్ తన సంరక్షణలో ఉన్న పిల్లను హింసించిన వ్యక్తికి మూడేళ్ల దాకా శిక్ష చెబుతుంది. పోక్సో కూడా వర్తిస్తుందని వాదించేవాళ్లున్నారు, అది కోర్టులో తేలాల్సిన మాట. కాబట్టి "మన దేశంలో అంతా మామూలే" అనే అత్తగారి ధీమాకూ ఆధారం లేదు, "ఫిర్యాదు చేస్తే రేపే జైలు" అనే బెదిరింపుకూ ఆధారం లేదు. రెండోది మీ నోట రాకూడదు. ఒకసారి బెదిరింపు ఉత్తదని తేలితే మీ తర్వాతి మాటకు విలువ ఉండదు.

లండన్ ఆడపడుచు విషయంలో మాత్రం బెదిరించే అవసరమే లేదు, ఉన్న చట్టం చెబితే చాలు. బ్రిటన్‌లో 2003 నాటి చట్టం ప్రకారం అక్కడ నివసించే పిల్లకు ఏ దేశంలో చేయించినా నేరమే, 14 ఏళ్ల దాకా జైలు. కాపాడాల్సిన తల్లిదండ్రులు కాపాడకపోతే అది విడిగా ఇంకో నేరం, ఏడేళ్ల దాకా. 2015 నుంచి అక్కడి టీచర్లు, నర్సులు, డాక్టర్లు ఒక పిల్ల తనకు ఇలా జరిగిందని చెబితే పోలీసులకు తెలియజేసి తీరాలి. ప్రమాదం ఉందని తెలిస్తే కోర్టు ముందే రక్షణ ఉత్తర్వు ఇచ్చి పాస్‌పోర్టు తీసుకోగలదు. "చిన్న గీతేగా" అంటే సిడ్నీ కేసు ఉంది. బోహ్రా కుటుంబంలోని ఇద్దరు ఆడపిల్లల విషయంలో తల్లి, ఒక రిటైర్డ్ నర్సు, స్థానిక మతపెద్ద 2015లో దోషులుగా తేలారు. మధ్యలో అప్పీలు కోర్టు కొట్టేసినా, చిన్న గీత కూడా ఆ చట్టం కిందికే వస్తుందని 2019లో ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. ఎనిమిదేళ్ల పిల్ల తిరిగి వెళ్లాక స్కూల్లో టీచర్ "సెలవుల్లో ఏం చేశావు" అని అడిగితే ఏం చెబుతుందో మీ ఆడపడుచును ఊహించుకోమనండి. ఆవిడ వెనక్కి తగ్గితే ముంబై ప్రయాణంలో సగం ఊపు పోతుంది. అందుకే ముందు ఫోన్ చేయాల్సింది అత్తగారికి కాదు, ఆవిడకి.

మతం మాట. అత్తగారి దగ్గర పుస్తకం ఉంది: పదో శతాబ్దపు ధర్మశాస్త్ర పండితుడు ఖాదీ నోమాన్ రాసిన దాయిముల్ ఇస్లాం. కురాన్‌లో ఈ ప్రస్తావన లేదని మీరంటే ఆవిడ ఆ పుస్తకం చూపిస్తారు. ఈజిప్టులో అల్ అజ్హర్ పండితులు 2007లో దీనికి షరియాలో మూలం లేదన్నారని చెప్పినా ఆవిడకు పట్టదు, వాళ్లు సున్నీలు. మీకు పనికొచ్చేది బోహ్రాల లోపలి నుంచే ఉంది. సిడ్నీ తీర్పు తర్వాత, 2016లో లండన్ సహా విదేశాల్లోని చాలా జమాత్‌లు, ఆ దేశ చట్టం ఒప్పుకోదు కాబట్టి ఖత్నా చేయించవద్దని, దాని కోసం ఇండియాకు కూడా తీసుకెళ్లవద్దని సభ్యులకు ఉత్తరాలు రాశాయి. అదే ఏడాది జూన్‌లో బోహ్రాల మతగురువు సయ్యద్నా కార్యాలయం ఒక ప్రకటనలో ఇది మతపరమైన శుద్ధి అని సమర్థిస్తూనే, చట్టం ఉన్న దేశాల్లో చట్టాన్ని పాటించాలంది. ఇది ఆచారాన్ని వదిలేయమని చెప్పిన మాట కాదు, మీరు అలా చిత్రించకండి. కానీ చేయించని పిల్ల బోహ్రా కాకుండా పోదని మాత్రం వాళ్లే ఒప్పుకున్నట్టే. లండన్ పిల్లకు తప్పకుండా చేయించాలనే విధి లేనప్పుడు హైదరాబాద్ పిల్లకు ఎందుకుండాలి? ఈ ప్రశ్న అత్తగారు జమాత్ మతపెద్ద ఆమిల్ సాహెబ్‌ను అడగవచ్చు. మీరు అడగడం కంటే ఆవిడ అడగడం మేలు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మొదటిది మీరే అడిగారు: అబద్ధం. "మా అమ్మావాళ్ల ఊళ్లో చేయించేశాం" అనడం. దీనికి తప్పుపట్టను. చాలా ఇళ్లల్లో ఇలాగే పిల్లలు బయటపడ్డారు. దీనికి సర్టిఫికెట్ లేదు. మీసాక్ (ఈడొచ్చాక చేసే మత ప్రమాణం) అప్పుడు చూసి సరిచూసుకునే పద్ధతి లేదు, ఐటీఎస్ కార్డులో (బోహ్రాల గుర్తింపు కార్డు) దీనికి గడి లేదు. కానీ టికెట్లు అత్తగారి చేతిలో ఉన్నప్పుడు ఈ అబద్ధం అంత తేలిగ్గా పారదు. మీ అమ్మగారు కలిసి రావాలి. ఎవరు చేశారు, ఎప్పుడు, ఎంత తీసుకున్నారు అన్న ప్రశ్నలకు మీ ఇద్దరి జవాబు ఒకటే అవ్వాలి. పాప స్నానం అత్తగారు చేయిస్తుంటే అది మీ చేతికి రావాలి. పాపకు మాత్రం అబద్ధం నేర్పకండి, ఏడేళ్ల పిల్ల మొయ్యలేదు. బయటపడితే ఆచారం పోయి మీ అబద్ధమే కథవుతుంది. ఇంకొక నష్టం ఉంది: అత్తగారి లెక్కలో మీరూ చేయించిన ఇల్లే అవుతారు, పక్కింటి కోడలికి మిమ్మల్నే ఉదాహరణగా చూపిస్తారు.

రెండోది వాయిదా. "ఈసారి పరీక్షలు, వచ్చే ఏడు చూద్దాం." ఖత్నా మామూలుగా ఏడేళ్ల ప్రాంతంలో చేస్తారు కాబట్టి రెండు మూడేళ్లు గడిస్తే ఒత్తిడి సహజంగా తగ్గుతుంది. పిల్ల పెద్దదవుతుంది, ఎదురు తిరుగుతుంది, బయట చెబుతుంది. ఇది మెత్తటి దారి, కానీ ప్రతి సెలవులకూ కొత్త సాకు కావాలి. లేని జబ్బు మాత్రం సాకుగా చెప్పకండి. "రక్తం గడ్డకట్టదట" అని ఒకసారి అంటే బంధువుల్లో పాకుతుంది, పదిహేనేళ్ల తర్వాత పెళ్లి సంబంధం దగ్గర తేలుతుంది. దానికి బదులు పిల్లల డాక్టర్ దగ్గరకో, గైనకాలజిస్ట్ దగ్గరకో వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పి, "వైద్య అవసరం లేదు, చేస్తే హాని, నేను వద్దని సలహా ఇచ్చాను" అని ఒక కాగితం రాయించుకోండి. నిజమైన కాగితం, అబద్ధం అక్కర్లేదు. "నేను కాదనడం లేదు అత్తయ్యా, డాక్టర్ వద్దంటోంది" అని అనడానికి ఆవిడకూ పరువు నిలిచే దారి దొరుకుతుంది.

మూడోది మీ వారు. నా దృష్టిలో అన్నిటికంటే బలమైనది ఇదే, మీరు అన్నిటికంటే తక్కువ వాడుతున్నదీ ఇదే. "ఆడవాళ్ల విషయం" అన్న మాట వల్లే ఈ పని ఇన్ని తరాలు నడిచింది. మగవాళ్లకు తెలియకపోవడం వాళ్లకు సౌకర్యం, ఆడవాళ్లకు భారం. తండ్రి "నా కూతురికి వద్దు" అంటే ఏ ఆసుపత్రైనా ముందుకు రావడానికి జంకుతుంది, ఏ నానమ్మా టికెట్ బుక్ చేయదు. ఆయన్ని అమ్మతో పోట్లాడమనకండి. ఒక్క వాక్యం చాలు: "అమ్మా, పాప విషయం నేను నిర్ణయించాను, వద్దు, దీని గురించి ఆమెతో మాట్లాడకు." ఈ వాక్యం వల్ల కోపం కోడలి మీద నుంచి కొడుకు మీదకి మళ్లుతుంది. కొడుకు మీద కోపం ఎక్కువ రోజులు ఉండదు.

ఆయనతో మాట్లాడేటప్పుడు రాత్రి, గొడవ తర్వాత వద్దు. ఇద్దరే ఉన్నప్పుడు, పగటిపూట, ఫోన్ పక్కన పెట్టి. మతం, హక్కులు అని మొదలుపెట్టకండి. రక్తం ఆగకపోతే ముంబైలో ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, అక్కడ పోలీసు కేసు నమోదైతే అందులో ఎవరి పేరుంటుంది, లండన్‌లో చెల్లెలికి ఏమవుతుంది, ఈ మూడు ప్రశ్నలు అడగండి. నాలుగోది మీ సొంత నొప్పి. పదేళ్లుగా మీరు దూరం జరగడం చూస్తున్నారే గాని కారణం తెలియదు. చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. చెప్పగలిగితే మిగతా మూడింటికంటే అదే ఎక్కువ పని చేయవచ్చు. ఆయన విని మౌనంగా లేచి వెళ్లిపోయినా కంగారుపడకండి, రెండు రోజులు ఇచ్చి మళ్లీ అడగండి.

నాలుగోది రాతపూర్వకంగా నిలబడటం. "పాపకు ఖత్నా చేయించడానికి నేను ఒప్పుకోవడం లేదు" అని భర్తకు వాట్సాప్‌లో ఒక్క వాక్యం పంపండి, తేదీతో ఉంటుంది. తర్వాత ఏదైనా జరిగితే ఎవరూ "తల్లి ఒప్పుకుంది" అనలేరు. అత్తగారికి పంపితే మాత్రం దాని స్క్రీన్‌షాట్ సాయంత్రానికి జమాత్ గ్రూపులో ఉంటుందని లెక్కేసుకోండి. దాని పైమెట్టు బయటి సాయం: పిల్లల హెల్ప్‌లైన్ 1098, మహిళల హెల్ప్‌లైన్ 181, జిల్లా బాలల సంక్షేమ కమిటీ, హైదరాబాద్‌లో భరోసా కేంద్రం. హాని జరిగే ప్రమాదంలో ఉన్న పిల్ల కూడా సంక్షేమ కమిటీ పరిధిలోకి వస్తుంది, జరిగేదాకా ఆగనక్కర్లేదు. గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ దగ్గర రక్షణ ఉత్తర్వు, పిల్ల తాత్కాలిక సంరక్షణ అడగవచ్చు. దీనికి మూల్యం ఉంది. అధికారులు ఇంటికి వస్తారు, పాపతో మాట్లాడతారు, అత్తింటితో బంధం బహుశా మళ్లీ అతకదు. ఫోన్ ఎత్తినవాళ్లకు ఈ మాటే కొత్త కావచ్చు. "మతాచారం" అని మొదలుపెడితే తప్పించుకుంటారు. "మా పాప మర్మాంగాన్ని బ్లేడుతో కోయడానికి ఫలానా తేదీన తీసుకెళ్తున్నారు" అని చెప్పండి. భర్త చేతులెత్తేసి, మీకు తెలియకుండా పాపను తీసుకెళ్లే పరిస్థితి వస్తే ఈ మెట్టెక్కడానికి వెనకాడకండి.

వెలి సంగతి తేలిగ్గా తీసుకోను. బోహ్రాల్లో వెలి అంటే మసీదు ప్రవేశం, పెళ్లి, ఖబరస్తాన్ అన్నీ ఆగిపోవడం. వ్యాపారం ఎలాగూ దెబ్బతింటుంది. 1949లో బొంబాయి రాష్ట్రం వెలిని నిషేధిస్తే 1962లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. కానీ ఒక తేడా గమనించండి. ఇంట్లో మౌనంగా చేయించకపోవడం వేరు, పేరుతో పత్రికలకెక్కడం, కోర్టుకెళ్లడం వేరు. రెండోదానికి ఎదురుదెబ్బ ఎక్కువ. మొదటిది తెలిసే దారే తక్కువ. మీరు భయపడుతున్నది రెండోదాని శిక్షకు, చేయబోతున్నది మొదటి పని. అయినా కొన్నాళ్లు ఆర్థికంగా కాస్త జాగ్రత్త: జమాత్ బయటి సరఫరాదారులు ఇద్దరు ముగ్గురితో ఖాతా తెరవమని మీ వారికి చెప్పండి. ఈ గొడవ లేకపోయినా అది మంచి వ్యాపారమే.

మీరు ఒంటరి అనుకోవడం కూడా పొరపాటు. ఖత్నాకు వ్యతిరేకంగా పనిచేసే సాహియో సంస్థ 2017లో ప్రచురించిన సర్వేలో 385 మంది బోహ్రా స్త్రీలు జవాబిచ్చారు. తమకు జరిగిందన్నవారు 80 శాతం, ఇది కొనసాగకూడదన్నవారు 81 శాతం. ఆన్‌లైన్ సర్వే కాబట్టి మొత్తం సమాజానికి వర్తించదు గాని, ఒక సంగతి అర్థమవుతుంది: మిగతా అందరూ కావాలనుకుంటున్నారని ప్రతి ఇల్లూ విడివిడిగా అనుకుంటోంది. సెనెగల్‌లో మాలికుండా బంబారా అనే ఊరి స్త్రీలు 1997లో ఈ ముడి ఇలాగే విప్పారు, ఒక్కొక్కరూ మానడం కాదు, అందరూ కలిసి మానేస్తున్నామని ప్రకటించి. మీరు ప్రకటన చేయనక్కర్లేదు. మదర్సా దగ్గర పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చే తల్లుల్లో ఏడెనిమిదేళ్ల ఆడపిల్ల ఉన్న ఇద్దరిని చూసుకుని, ఒకరితో ఒకరు మాట్లాడితే చాలు. ముగ్గురు కోడళ్లు ఒకేమాట మీద ఉంటే అత్తగార్ల మధ్య లెక్క మారుతుంది.

పాపకు ఇప్పుడే చెప్పాల్సినవి కొన్ని. భయపెట్టకుండా, స్నానం చేయించేటప్పుడు: "చెడ్డీ లోపల ఉన్నది నీది. అమ్మ కాకుండా, అమ్మ పక్కన ఉండగా డాక్టర్ కాకుండా ఇంకెవరూ, నానమ్మ అయినా, అత్త అయినా ముట్టుకోకూడదు. ముట్టుకుంటే గట్టిగా అరువు, నాకు చెప్పు." మీ ఫోన్ నంబరు బట్టీ పట్టించండి. దసరా సెలవుల్లో పాప మీ కళ్ల ముందే ఉండాలి. ముంబై తప్పకపోతే మీరూ వెళ్లండి, ఒక్క గంట కూడా వదలకండి. స్కూల్ టీచర్‌కు ఒక మాట చెప్పి ఉంచండి. ధనుర్వాతం రాకుండా కాపాడే డీపీటీ టీకా రెండో బూస్టర్, 5–6 ఏళ్లకు వేసేది, వేయించారో లేదో కార్డు చూసుకోండి. ఎంత జాగ్రత్తపడ్డా జరిగిపోతే: శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. పసుపు, పొడులు చల్లకండి. ఆరేడు గంటల్లో మూత్రం రాకపోతే, జ్వరం వస్తే ఆగకండి. ఏం జరిగిందో డాక్టర్‌కు దాచకుండా చెప్పి కేసు షీటులో రాయించండి. పాపను "నేను చెప్పానుగా" అనకండి.

ఇక మీ ఒంటి గురించి. ఆ బఠాణీ గింజంత గడ్డ బహుశా తిత్తి. కోత పడినప్పుడు పైచర్మపు కణాలు కొన్ని మచ్చ లోపల చిక్కుకుని ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతాయి. ఇలాంటివారిలో తరచుగా కనబడేదే, సాధారణంగా ప్రమాదం కాదు. ముట్టుకుంటే కరెంటు షాకులా పొడిస్తే అది తెగిన నరం చివర పెరిగిన గడ్డ కావచ్చు. రెండూ చూసి తేల్చాల్సినవే. పిండకండి, సూది గుచ్చకండి. ఎర్రబడి, చీము, జ్వరం వస్తే అదే రోజు వెళ్లండి. తీసేయాలంటే చిన్న ఆపరేషనే, మామూలుగా అదే రోజు ఇంటికి పంపుతారు. కానీ ఆ చోట నరాలు దగ్గరగా ఉంటాయి కాబట్టి "ఇలాంటివి తీసిన అనుభవం ఉందా" అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. తీసిన ముక్కను పరీక్షకు పంపమనండి.

కాపురంలో నొప్పికి కారణం ఒకటే కానక్కర్లేదు. మచ్చ కొంత, నొప్పి వస్తుందన్న భయానికి కటి (పెల్విక్) కండరాలు బిగుసుకోవడం కొంత. రెండోదానికి కటి కండరాల ఫిజియోథెరపీ బాగా పనిచేస్తుంది. నీటి ఆధారిత లూబ్రికెంట్ వాడండి. కండోమ్ వాడుతుంటే కొబ్బరినూనె వద్దు, రబ్బరు దెబ్బతింటుంది. ఆ రోజు జ్ఞాపకం ఇంకా కలల్లో వస్తుంటే కౌన్సెలింగ్ కూడా వైద్యమే. అవయవమే పోయిందని దిగులుపడకండి. బయటికి కనబడే కొన చాలా చిన్న భాగం, క్లిటోరిస్‌లో ఎక్కువ భాగం చర్మం కింద లోపలే ఉంటుంది, దాన్ని ఎవరూ కోయలేదు. తిరిగి సరిచేసే శస్త్రచికిత్సలు ఫ్రాన్స్ వంటి చోట్ల చేస్తున్నారు. అది తొందరపడి తీసుకునే నిర్ణయం కాదు, ముందు పైన చెప్పిన వాటితో ఎంత తగ్గుతుందో చూడండి.

మన దగ్గర చాలామంది గైనకాలజిస్టులు దీన్ని చదువుకుని ఉండరు, చూసినా గుర్తుపట్టకపోవచ్చు. అందుకే కూర్చోగానే మీరే చెప్పండి: "ఏడేళ్లప్పుడు నాకు ఖత్నా చేశారు, అక్కడి చర్మం కోశారు. ఆ మచ్చ పక్కన గడ్డ ఉంది, కాపురంలో నొప్పి. చూసేటప్పుడు చెప్పి ముట్టుకోండి, ఆపమంటే ఆపండి." నోరు రాకపోతే ఇదే కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ డాక్టర్ వింతగా చూసినా, అడ్డమైన ప్రశ్నలు వేసినా లేచి వచ్చి ఇంకొకరి దగ్గరకు వెళ్లండి. అపాయింట్‌మెంట్ టికెట్ల తేదీకి కనీసం రెండు వారాల ముందు పెట్టుకోండి. పాప గురించి కావలసిన ఆ కాగితం కూడా ఆవిడ చేతే రాయించుకోవచ్చు. మీ మచ్చను చూసిన డాక్టర్ రాసిన కాగితాన్ని మీ వారు పక్కన పెట్టేయడం కష్టం.